సేంద్రియ దాణా మర పెట్టే ముందు

ప్రశ్న: కదిరి చుట్టుపక్కల ఊళ్ల రైతులం కలిసి ఉత్పత్తిదారుల సంస్థ పెట్టుకున్నాం. సగం మందికి పైగా సేంద్రియ సర్టిఫికెట్ వచ్చింది. జొన్న, కొర్ర, మొక్కజొన్న, కంది, వేరుశనగ పండిస్తాం. దాదాపు ప్రతి ఇంట్లో ఆవో గేదో ఉంది. గింజలేమో తక్కువకు అమ్ముకుంటున్నాం, దాణా బస్తా ఎక్కువకు కొంటున్నాం. సంస్థకు ఒక షెడ్డు ఉంది. పశువుల దాణా, జొన్నపిండి, కొర్ర బియ్యం మూడూ అక్కడే ఆడిద్దామని ఆలోచన. గంటకు రెండు టన్నుల దాణా చేసే పెల్లెట్ (గుళికల దాణా) ప్లాంటుకు ఒక కంపెనీ కొటేషన్ ఇచ్చింది. తీసుకోమంటారా? మా గింజ చాలకపోతే బయటి మొక్కజొన్న కలపవచ్చా? ఆడించిన కూలి ఎంత పెట్టాలి?
– సంస్థ కార్యదర్శి, శ్రీ సత్యసాయి జిల్లా

సమాధానం: ఆ కొటేషన్ పక్కన పెట్టండి. రెండు టన్నుల ప్లాంటు మీకు అక్కర్లేదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

మొదటి ఏడాది మీ దాణా తినే పాడి పశువులు 200 అనుకుందాం. ఆవుకైతే ఒంటి పోషణకు కిలో నుంచి కిలోన్నర, ఆ పైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు కిలో దాణా. గేదెకైతే రెండు లీటర్లకే కిలో. సగటున పశువుకు రోజుకు 4 కిలోలు వేసుకుంటే రోజుకు 8 క్వింటాళ్లు, నెలకు 24 టన్నులు. ఇందులో మరలో పడాల్సింది మొక్కజొన్న, జొన్న, చెక్క (గింజల్లోంచి నూనె తీశాక మిగిలే పిప్పి) మాత్రమే. తవుడు, చున్నీ (పప్పు ఆడినప్పుడు వచ్చే పొట్టు, నూక) అలాగే కలిసిపోతాయి. అంటే రోజుకు ఆడించాల్సింది ఐదు క్వింటాళ్ల చిల్లర. 10 హెచ్‌పీ సుత్తుల మర గంటకు మూడు నాలుగు క్వింటాళ్లు ఆడుతుంది కాబట్టి ఒక పూటలో పని అయిపోతుంది. పెల్లెట్ కావాలంటే ఆవిరి బాయిలర్, పెద్ద మోటారు, అరిగిపోయే డై (గుళికల అచ్చు), దాన్ని ఎక్కించడం తెలిసిన మనిషి కావాలి. ఆవిరి పెట్టకుండా ఒత్తే చిన్న మిషన్లలో గుళికలు రవాణాలోనే పొడైపోతాయి. పశువు పొడి దాణాను హాయిగా తింటుంది. ఆ డబ్బు గింజ కొనడానికి, ఆరబెట్టే కల్లానికి, తేమ మీటరుకు దాచుకోండి. దాణా మరలు దెబ్బతినేది చాలావరకు మిషన్ చాలక కాదు, పంట వచ్చినప్పుడు గింజ కొనిపెట్టుకునే డబ్బు లేకనూ, కొన్న గింజ బూజు పట్టీను.

అందుకని మిషన్ కంటే ముందు గేటు సంగతి చెప్పుకుందాం. బండి వచ్చి కాటా దగ్గర ఆగినప్పుడు మీ మనిషి చేసే పది నిమిషాల పనిలోనే దాణా బాగోగులు తేలిపోతాయి.

మొక్కజొన్న 12 శాతం తేమకు మించి నిలవకు పనికిరాదు. ఖరీఫ్ పంట అక్టోబరు, నవంబరుల్లో వానల మధ్య వస్తుంది కాబట్టి 18 శాతంతో రావడం మామూలే. ఆ గింజను వద్దనకండి, కానీ ఆరిన గింజ ధర ఇవ్వకండి. చాలామంది 18లోంచి 12 తీసేసి క్వింటాలుకు 6 కిలోలు తరుగు పడతారు. అది తప్పు లెక్క. 18 శాతం తేమ ఉన్న 100 కిలోల్లో అసలు పొడి పదార్థం 82 కిలోలు. ఆరాక అది 88 శాతం కావాలి. 82ని 0.88తో భాగిస్తే 93.2 కిలోలు. అంటే పోయేది 6.8 కిలోలు. క్వింటాలుకు 800 గ్రాములే కదా అనిపిస్తుంది గానీ 80 టన్నుల మొక్కజొన్న కొంటే అది ఆరు క్వింటాళ్లకు పైనే. ఈ లెక్కను ఒక అట్ట మీద పట్టికగా రాసి, 13 నుంచి 20 శాతం వరకు ఏ తేమకు ఎంత తరుగో కాటా పక్కనే వేలాడదీయండి. రైతు తనకు తాను చూసుకుంటే గొడవ ఉండదు.

తేమ మీటరును ఎండలో కాలిన గింజతో వాడితే తప్పు చూపిస్తుంది. గింజను నీడలో చల్లారనిచ్చి, ఒకే బస్తా నుంచి కాక బస్తాల్లోకి గొట్టం గుచ్చి పైనా మధ్యా అడుగునా తీసి, కలిపి, మూడుసార్లు చూడండి. మీటరు మీద అనుమానం వస్తే పాత పద్ధతి ఒకటి ఉంది. పెనం మీద వేయించి చల్లార్చిన ఉప్పు రెండు మూడు చెంచాలు, బాగా ఆరిన గాజు సీసాలో మూడో వంతు గింజ వేసి, మూత బిగించి రెండు నిమిషాలు ఊపి పావుగంట ఉంచండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే. అంటకపోయినంత మాత్రాన 12లో ఉందని కాదు, అది గుర్తుంచుకోండి. ఆరబెట్టేటప్పుడు పట్టా మీద రెండంగుళాల మందం మించకుండా పరచి గంటకోసారి కలియబెట్టాలి. మంచు పడకముందే ఎత్తాలి, కానీ వేడి వేడిగా బస్తాకు ఎత్తకూడదు. వేడి గింజ రాత్రి చల్లబడేటప్పుడు బస్తా లోపలే చెమ్మ పడుతుంది, బూజు అక్కడ మొదలవుతుంది.

గేటు దగ్గర ఇంకొక నియమం పెట్టండి: యూరియా సంచుల్లో వచ్చిన గింజ దించుకోవద్దు. సేంద్రియ పొలంలో ఒక్క చుక్క మందు పడకుండా పండించి, ఇంట్లో ఉన్న పాత ఎరువుల సంచిలో నింపి తెస్తే ఆ కష్టమంతా పోయినట్టే. సభ్యులకు సంస్థ గుర్తు వేసిన సంచులు మీరే ఇచ్చి, తిరిగి తీసుకోండి. ట్రాలీ అడుగున ఎరువు గుళికలు ఉన్నాయేమో కూడా చూడాలి.

ఇప్పుడు మీ ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద గండం, వేరుశనగ చెక్క. పంట చివరి దశలో వాన ముఖం చాటేసి నేల వేడెక్కితే కాయ నేలలో ఉండగానే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పడుతుంది. అది వదిలే విషం అఫ్లాటాక్సిన్. అనంతపురం, కదిరి నేలల్లో ఇలాంటి బెట్ట మామూలు కాబట్టి మీకు ఇది ఏటా ఉండే ముప్పే. పుచ్చిన, ముడుచుకుపోయిన, రంగు మారిన విత్తుల్ని తినేవాళ్లు ఏరేస్తారు. ఏరేసిన ఆ రకమే నూనె మిల్లుకు పోతుంది. నూనె తీసినప్పుడు విషం నూనెలోకి పెద్దగా పోదు, చెక్కలోనే మిగిలిపోతుంది. గానుగ వేడికి చావదు, దాణాను ఉడికించినా చావదు.

పశువుల దాణాలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు మించకూడదు. మీ దాణాలో వేరుశనగ చెక్క 20 శాతం అనుకోండి. చెక్కలో 200 మైక్రోగ్రాములుంటే, మిగతావన్నీ శుభ్రంగా ఉన్నా దాణాలో 40 తేలుతుంది. ఆవు రోజుకు 5 కిలోలు తింటే 200 మైక్రోగ్రాములు కడుపులోకి పోయినట్టు. అందులో ఒకటి రెండు శాతం అఫ్లాటాక్సిన్ ఎం1 రూపంలో పాలలోకి వస్తుంది. పది లీటర్ల పాలిచ్చే ఆవు అయితే లీటరుకు 0.2 నుంచి 0.4 మైక్రోగ్రాములు. పాలలో హద్దు 0.5. బాగా పాలిచ్చే పశువుల్లో ఇంకా ఎక్కువ శాతం దిగుతుంది కాబట్టి ఆ హద్దు దాటడం కష్టం కాదు. ఆ పాలు తాగేది మీ పిల్లలే. విషపు దాణా ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు మళ్లీ శుభ్రపడతాయి. అదొక్కటే ఊరట.

చేయాల్సింది ఏమిటంటే, చెక్క బయట కొనకండి. మీ సభ్యుల కాయలే కొని, ఒలిచి, పుచ్చులూ ముడతలూ ఏరించి, మంచి విత్తులే ఆడించండి. వంద కిలోల విత్తులకు 40 కిలోలకు పైగా నూనె పోగా సగానికి పైగా చెక్క వస్తుంది. నూనెకు సేంద్రియ ధర వస్తుంది, చెక్క మీకు దక్కుతుంది. ఏరిన పుచ్చుల్ని దాణాలోకీ వంట నూనెకూ రానివ్వకండి. ప్రతి లాటు చెక్కకూ స్ట్రిప్పు పరీక్ష చేయించండి, కానీ ఒక్క చిన్న ముక్క పంపితే ఆ పరీక్షకు అర్థం లేదు. విషం అన్ని చోట్లా సమంగా ఉండదు. వెయ్యి విత్తుల్లో ఒకటి రెండింటిలోనే గుట్టగా ఉండొచ్చు. కనీసం పదిహేను ఇరవై బస్తాల్లోంచి మొత్తం నాలుగైదు కిలోలు తీసి, అంతా పిండి చేసి, బాగా కలిపి, అందులోంచి పరీక్షకు తీయాలి. బెంటొనైట్ లాంటి మట్టి కలిపితే విషం కొంత పట్టుకుంటుంది, నిజమే. అది ముందుజాగ్రత్తే తప్ప చెడ్డ చెక్కను మంచి చెక్కగా మార్చే మందు కాదు.

సేంద్రియ దాణాలో వేటికి చోటు లేదో కూడా ఇక్కడే తేల్చుకోండి. హెక్సేన్ అనే రసాయనంతో నూనె పిండిన డీఓసీ చెక్కలు కూడదు, నూనె తీసిన తవుడు కూడదు. యూరియా, కృత్రిమ రంగులు, ఆకలి పెంచే మందులు, విడి అమైనో ఆమ్లాలు కూడదు. జన్యుమార్పిడి పంట ఉత్పత్తులు కూడదు. మన దేశంలో 2002 నుంచి బీటీ పత్తి వచ్చింది, ఇప్పుడు పండేది చాలావరకు అదే. కాబట్టి పత్తి చెక్క మాట మరిచిపోవాలి. మీ రైతులు పత్తి చెక్కకు అలవాటు పడినవాళ్లు, వెన్న శాతం తగ్గుతుందేమోనని అడుగుతారు. వాళ్లకు ముందే చెప్పి పెట్టండి.

బయట చెక్క కొనక తప్పని రోజు వస్తే యూరియా పరీక్ష నేర్చుకోండి. ప్రోటీన్ శాతం ల్యాబులో ఎక్కువ చూపించడానికి చెక్కలో యూరియా కలిపేవాళ్లు ఉన్నారు. చెక్క నలిపి నీళ్లలో కలిపి, అందులో వేయించని పచ్చి సోయా పిండి చెంచాడు వేసి, మూత పెట్టి అరగంట ఉంచండి. యూరియా ఉంటే సోయాలోని ఎంజైము దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. మూత తీయగానే ఘాటు వాసన ముక్కుకు తగులుతుంది, తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం నీలంగా మారుతుంది.

ఇక మిషన్లు. శుభ్రం చేసే జల్లెడల మిషన్, రాళ్లు తీసే డీస్టోనర్, 10 హెచ్‌పీ సుత్తుల మర, 250 కిలోల రిబ్బన్ మిక్సరు, తూకం, సంచి కుట్టే మిషన్. దాణాకు ఇంతే. సుత్తుల మరకు ముందు, గింజ పడే దారిలో గట్టి అయస్కాంతం తప్పనిసరిగా పెట్టండి. ఒక మేకు మర లోపలి జాలీని చింపేస్తుంది, నిప్పురవ్వ లేపుతుంది. ముక్కలై దాణాలోకి పోతే ఆవు నమలకుండా మింగుతుంది. ఆ ఇనుము కడుపు గోడ పొడుచుకుని గుండె దాకా పోయిన పశువులు కోకొల్లలు. అయస్కాంతాన్ని రోజూ తుడవండి. నిండిపోయిన అయస్కాంతం కొత్త మేకును పట్టుకోదు.

జాలీ రంధ్రం పశువులకు 6 నుంచి 8 మిల్లీమీటర్లు, గుడ్ల కోళ్లకు 5, కోడిపిల్లలకు 3. కానీ జొన్న గింజే నాలుగు మిల్లీమీటర్లు. 6 మి.మీ. జాలీలో కొన్ని జొన్నలు సుత్తికి తగలకుండా అలాగే జారిపోతాయి, పేడలో అలాగే బయటపడతాయి. కాబట్టి జొన్న, సజ్జ విడిగా, 3 మి.మీ. జాలీ మీద ఆడించాలి. మొక్కజొన్నను మాత్రం మెత్తగా ఆడించకండి. పిండిలా మెత్తనైన మొక్కజొన్న ఆవు కడుపులో ఒక్కసారిగా పులిసి ఆమ్లం పెరుగుతుంది, మేత ముట్టదు, వెన్న తగ్గుతుంది.

సుత్తి పలకకు నాలుగు మూలలు ఉంటాయి. ఒక మూల గుండ్రంగా అరిగితే మోటారు తిరిగే దిక్కు మార్చి రెండో మూల వాడొచ్చు, తర్వాత పలకను తలకిందులు చేసి మిగతా రెండు. మార్చేటప్పుడు ఒక్కదాన్నే మార్చకండి. అన్నీ ఒకేసారి మార్చి, ఎదురెదురు వరుసల బరువులు కాటా మీద సరిచూడండి. యాభై గ్రాముల తేడా ఆ వేగంలో షాఫ్టును ఊపేసి బేరింగులు తినేస్తుంది. సుత్తి కొనకూ జాలీకీ మధ్య 8 నుంచి 12 మి.మీ. ఎడం ఉండాలి. జాలీ రంధ్రాల అంచు పదును పోతే మర ఎక్కువ కరెంటు తాగి తక్కువ ఆడుతుంది, పిండి వేడెక్కి వస్తుంది. పిండి చేతికి కాలుతోందంటే ముందు జాలీనీ సుత్తుల్నీ చూడండి, తర్వాత గింజ తేమ.

ఆడించే మనిషి చూడాల్సింది గింజను కాదు, ఆంపియర్ మీటరును. 10 హెచ్‌పీ మోటారు పూర్తి లోడులో దాదాపు 14 ఆంపియర్లు లాగుతుంది. మరలోకి గింజ పడే తలుపును మీటరు ముల్లు 12 దగ్గర నిలబడేలా తెరిచి ఉంచితే మర ఊపిరాడుతూ నడుస్తుంది. అంతకు మించి పోస్తే జాలీ మూసుకుపోతుంది. స్టార్టరుకు సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టించండి. పల్లె లైన్లలో ఒక ఫేజ్ పోవడం మామూలే, మోటారు అలా కాలిపోతుంది. లైను మరమ్మతు అయిన మర్నాడు ఎలివేటర్ (గింజను పైకెత్తే మిషన్), మిక్సరు ఏ దిక్కు తిరుగుతున్నాయో ఖాళీగా తిప్పి చూశాకే గింజ పోయండి. వ్యవసాయ కనెక్షన్‌తో మర నడపడం కుదరదు. పరిశ్రమల కేటగిరీ కనెక్షన్ తీసుకోండి.

మిక్సరులో తప్పులు రెండే. అతిగా నింపడం, వరస తప్పి వేయడం. లోపలి రిబ్బన్ల (కలిపే పట్టీల) పై అంచు కాస్త కనబడేంతే నింపాలి. పూర్తిగా మునిగితే పైన ఉన్నది పైనే తిరుగుతుంది. ముందు మొక్కజొన్న, జొన్న నూక, తర్వాత తవుడు, చున్నీ, ఆ తర్వాత చెక్క పొడి. ఖనిజ మిశ్రమాన్ని, ఉప్పును అలాగే పోయకుండా 20 కిలోల మెత్తటి నూకలో చేత్తో కలిపి మధ్యలో చల్లండి. బెల్లపు నీళ్ల లాంటివి చివర్లో. అన్నీ పడ్డాక నాలుగైదు నిమిషాలు చాలు. నిలువు స్క్రూ మిక్సరు అయితే పన్నెండు పదిహేను నిమిషాలు కావాలి. మిక్సరు కొన్న మొదటి వారంలో ఒక బ్యాచ్ నుంచి పది చోట్ల వంద గ్రాముల చొప్పున తీసి ఉప్పు శాతం పరీక్ష చేయించండి. పది అంకెల మధ్య తేడా గుణకం (సగటు నుంచి అంకెలు ఎంత చెదిరాయో చెప్పే శాతం) 10 శాతం లోపు ఉంటే మిక్సరు సరిగ్గా కలుపుతున్నట్టు. మిక్సరు తిరుగుతుండగా చేయి పెట్టడం, మూత తీసి కర్రతో కెలకడం ఎవ్వరికీ వద్దు. మూత తీస్తే మోటారు ఆగే స్విచ్ పెట్టించండి. బెల్టులకు తొడుగు లేకుండా ఒక్క రోజు కూడా నడపకండి, పంచె కొంగూ చీర కొంగూ లాగేస్తాయి.

పాడి పశువులకు మీ పంటలతోనే వంద కిలోల కూర్పు ఇలా మొదలుపెట్టవచ్చు: మొక్కజొన్న 30, జొన్న 5, వేరుశనగ చెక్క 20, తెలగపిండి (నువ్వుల చెక్క) 10, కంది చున్నీ 18, తవుడు 14, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1. ప్రోటీన్ లెక్క మీరే వేయగలరు. వేరుశనగ చెక్కలో 42 శాతం అనుకుంటే 8.4, తెలగపిండి 36 లెక్కన 3.6, కంది చున్నీ 16 లెక్కన 2.9, మొక్కజొన్న 9 లెక్కన 2.7, తవుడు 12.5 లెక్కన 1.75, జొన్న అర కిలో. మొత్తం 19.8, అంటే దాదాపు 20 శాతం. చెక్కలో నూనె ఎంత మిగిలిందో, చున్నీలో పొట్టు ఎంతో బట్టి ఇది మారుతుంది. ప్రతి కొత్త లాటుకూ ల్యాబు పరీక్ష చేయించి అంకెలు సరిదిద్దండి. ఖనిజ మిశ్రమం కొనే ముందు దాని చీటీ మీ సర్టిఫికేషన్ సంస్థకు చూపించి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి.

తవుడు గురించి ఒక మాట. నూనె తీయని పచ్చి తవుడు బియ్యం మరలోంచి వచ్చిన గంటల్లోనే ముక్కిపోవడం మొదలుపెడుతుంది. వారానికి సరిపడా మాత్రమే తెచ్చుకోండి. చేతిలో నలిపి వాసన చూస్తే తీపి వాసన రావాలి, చేదు, ఘాటు వాసన రాకూడదు. గుప్పెడు గ్లాసు నీళ్లలో వేస్తే పైకి తేలేది ఊక, అడుగున చేరేది ఇసుక. రెండూ ఎక్కువుంటే బండి తిప్పి పంపించేయండి.

నాటుకోళ్లకూ గుడ్ల కోళ్లకూ దాణా చేయమని సభ్యులు అడుగుతారు. అది రెండో ఏడాదికి పెట్టుకోండి. సేంద్రియంలో కృత్రిమ మిథయోనిన్ కుదరదు, వేరుశనగ చెక్కలో మిథయోనిన్ తక్కువ. తెలగపిండి, పొద్దుతిరుగుడు చెక్క కలిపి ఆ లోటు పూడ్చాలి, కానీ తెలగపిండిలోని ఫైటేట్, ఆక్సలేట్ సున్నాన్ని పట్టేస్తాయి, గుడ్డు పెంకు పల్చబడుతుంది. గుడ్ల కోడికి మూడున్నర నుంచి నాలుగు శాతం కాల్షియం కావాలి. దీనికి కోళ్ల పోషణ తెలిసిన పశువైద్యుడు పక్కన ఉండాల్సిందే.

మీ రెండో ప్రశ్న: బయటి మొక్కజొన్న కలపవచ్చా? సేంద్రియ దాణా అని రాసి అమ్మే సంచిలోకి కూడదు. ఒకే మిషన్ మీద సేంద్రియం ఒక రోజు, మామూలు ఒక రోజు నడపడం నిబంధనల ప్రకారం కుదురుతుంది, కానీ పని ఎంతుందో చూడండి. మామూలు గింజ ఆడాక ఎలివేటర్ బూటు (అడుగు భాగం) విప్పి ఊడవాలి, మిక్సరు అడుగు, సంచి మూతి దులపాలి, తర్వాత 50 కిలోల సేంద్రియ గింజ మొత్తం దారి గుండా నడిపి, దాన్ని మామూలు దాణా కిందే అమ్మేయాలి. ఇదంతా తేదీ, సమయం, సంతకంతో పుస్తకంలో ఎక్కించాలి. ఒక్కసారి మరిచినా నెల పంట మొత్తం సర్టిఫికెట్ పోగొట్టుకుంటుంది. మా సలహా: మొదటి రెండేళ్లు మామూలు గింజను షెడ్డులోకే రానివ్వకండి. గింజ చాలకపోతే దాణా తక్కువ చేయండి, పక్క మండలాల్లో సర్టిఫికెట్ ఉన్న గుంపులతో పంట వేసే ముందే మాట్లాడుకోండి.

కాగితాల సంగతి. సభ్యుల పొలాలకు సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన మర సేంద్రియం కాదు. ఎన్‌పీఓపీ (కేంద్రం నడిపే సేంద్రియ ఉత్పత్తి జాతీయ కార్యక్రమం) కింద ప్రాసెసింగ్ యూనిట్‌గా మరకు విడిగా తనిఖీ, స్కోప్ సర్టిఫికెట్ (ఏ పనికి సేంద్రియ గుర్తింపు ఉందో చెప్పే పత్రం) కావాలి. గుంపు నుంచి మరకు గింజ మారినప్పుడు ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ (ఆ సరుకు అమ్మకానికి సేంద్రియ రుజువు) కావాలి. మీ సభ్యుల్లో కొందరు పీజీఎస్-ఇండియా (రైతులే గుంపుగా ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి) కింద ఉంటే ఆ గింజను ఎన్‌పీఓపీ దాణాలో కలపవద్దు, రెండూ వేర్వేరు దారులు. ప్రకృతి వ్యవసాయం చేస్తున్నామన్న మాటొక్కటే సర్టిఫికెట్ కాదు, మరీ ముఖ్యంగా జీవామృతం వాడే రైతులకు ఇది ముందే విడమరచి చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన పశుదాణా చట్టం ప్రకారం దాణా తయారీకి పశుసంవర్ధక శాఖ లైసెన్సు, పిండికీ బియ్యానికీ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు విడివిడిగా తీసుకోవాలి. అప్పు విషయంలో దాణా యూనిట్‌కు 3 శాతం వడ్డీ రాయితీ ఇచ్చే పశుసంవర్ధక మౌలిక సదుపాయాల నిధి గురించి, పిండి వైపుకు 35 శాతం రాయితీ ఇచ్చే పీఎంఎఫ్ఎంఈ (చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్ర పథకం) గురించి బ్యాంకులో అడిగి, ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కనుక్కోండి.

ప్రతి లాటుకు నంబరు, వచ్చిన రైతు, తేదీ, తేమ రాసి, అర కిలో గింజ సీసాలో మూసి ఉంచండి. దాణా బస్తాలోంచి కూడా అలాగే. ఆ దాణా తినేశాక మూడు నెలల వరకు పారేయకండి. ఎవరి పశువుకైనా ఏదైనా అయితే, తప్పు మీదో కాదో చెప్పేది ఆ సీసాయే.

పిండి, కొర్ర బియ్యం దాణా వైపు గాలి కూడా తగలని చోట చేయండి. మధ్యలో గోడ కట్టండి. వేరుశనగ పడని మనుషులు ఉన్నారు, చెక్క పొడి పిండిలో పడితే ప్రాణాల మీదికి వస్తుంది. సజ్జ పిండి వారం పది రోజుల్లో చేదెక్కుతుంది కాబట్టి ఆర్డరు వచ్చాకే ఆడించండి. రాయి మరలో పిండి వేడెక్కుతుంటే రాళ్లకు గాట్లు కొట్టించే సమయం వచ్చినట్టు.

నిలవ గదిలో పురుగును చంపే విషవాయువు వదిలే సెల్ఫాస్ బిళ్లలు వాడకూడదు. మరి ముక్కు పురుగు, ఎర్ర పిండిపురుగు ఎలా ఆగుతాయి? గింజను 12 శాతానికి ఆరబెట్టి, గాలి చొరబడని పొరల సంచుల్లో నింపి మూతి గట్టిగా మెలిపెట్టి కట్టేస్తే లోపలి పురుగు ఉన్న ఆక్సిజన్ వాడేసుకుని చచ్చిపోతుంది. ఒక్క రంధ్రం పడితే ఇదంతా వృథా, అందుకే ఎలుకల మీద కన్ను వేయండి. బస్తాలు చెక్క దిమ్మల మీద, గోడకు ఒకటిన్నర అడుగు దూరంగా పేర్చండి. పాత లాటు ముందు, కొత్తది వెనక. షెడ్డులో చిమ్మిన పిండి మూలల్లో ఉండిపోతే పురుగు అక్కడి నుంచే మొదలవుతుంది, గాల్లో లేచిన పిండి పొగ నిప్పు తగిలితే పేలుతుంది. బీడీ కాల్చేవాళ్లు గేటు బయటే కాల్చాలి. ఊడ్చేవాళ్లకు మంచి మాస్కు ఇవ్వండి, పాత తువ్వాలు చాలదు.

కూలి విషయానికి వద్దాం. అంకె మేం చెప్పడం కంటే మీరే కట్టుకోవడం మేలు. ఒక వారం విడి మీటరు పెట్టి క్వింటాలుకు ఎన్ని యూనిట్లు పోతున్నాయో చూడండి. 10 హెచ్‌పీ మర గంటకు నాలుగు క్వింటాళ్లు ఆడితే క్వింటాలుకు దాదాపు రెండు యూనిట్లు. దానికి మనుషుల కూలి, సుత్తులు, జాలీ, బెల్టుల అరుగుదల, పరీక్షల ఖర్చు, అప్పు వాయిదా కలపండి. రైతు తన గింజ తెచ్చి ఆడించుకుపోతే కిలోకు ఒక కూలి, దాణాగా కలిపి ఇస్తే ఇంకో కూలి. ఆడించడంలో ఒకటి నుంచి ఒకటిన్నర శాతం గింజ తరుగుతుంది. పిండి వేడికి తేమ పోవడం, పొడి లేచిపోవడం వల్ల. ఈ సంగతి గోడ మీద రాసి పెట్టండి. రాయకపోతే క్వింటాలుకు కిలో ఎక్కడికి పోయిందన్న అనుమానం మర మీద మిగిలిపోతుంది. సభ్యులకు అరువు ఇస్తే పాల డబ్బులోంచి పదిహేను రోజులకోసారి పట్టుకునే ఏర్పాటు పాల కేంద్రంతో రాతపూర్వకంగా చేసుకోండి.

మొదలు పెట్టే ముందు అన్నీ కలిపి ఇరవై పశువులున్న ఐదారు ఇళ్లతో మూడు వారాలు పెట్టి చూడండి. పాత దాణా నుంచి కొత్తదానికి ఒక్కసారి మార్చకండి. మొదటి మూడు రోజులు నాలుగో వంతు, తర్వాత సగం, పది రోజులకు పూర్తిగా. రోజూ పాలు, వారానికోసారి వెన్న శాతం రాయండి. పొద్దున్నే పేడ చూడండి. పగలని జొన్న కనబడితే జాలీ చిన్నది వేయండి. పేడ పల్చబడి పుల్లటి వాసన వస్తే మొక్కజొన్న మెత్తనైంది, 8 మి.మీ. జాలీకి వెళ్లండి, దాణా రెండు పూటలకు బదులు మూడు పూటలుగా పంచి పెట్టమనండి.